గొడ్ల చావిట్లో ఐసుగడ్డ

1961 మే 8, సోమవారం

ఈరోజు టీ కుదిరింది.

ఇంతకుముందు చేసిందంతా పారబోశాను. వేడి టీలో ఐసు వేస్తే నీళ్లయిపోతోంది, చల్లార్చి వేస్తే బురద రంగు తిరుగుతోంది. మద్రాసులో అక్క వాళ్ల ఇంట్లో తాగినప్పుడు గ్లాసులోంచి అవతలి గోడ కనిపించేంత తేటగా ఉండింది. కిటుకంతా నిమ్మకాయలో ఉందని ఈరోజు తెలిసింది. శొంఠి, మిరియాలు, ఏలకులు, లవంగాలు కచ్చాపచ్చాగా దంచి నీళ్లలో మరగనివ్వాలి. పొయ్యి మీద నుంచి దించాకే టీ పొడి వేసి మూత పెట్టాలి. పొడి వేసి మరిగిస్తే చేదెక్కుతుంది. ఆ వేడి మీదే తాటిబెల్లం కరిగించి, పాత పంచె గుడ్డలో వడగట్టి, నిమ్మకాయ పిండాను. పిండగానే మబ్బు విడిపోయినట్టు తేటపడింది.

ఐసు తెచ్చింది చేపలమ్మే ముసలమ్మ కొడుకు చిన్నపోలయ్య. మైపాడుకు చేపల కోసం లారీలో వచ్చే ఐసులో ఒక గడ్డ గోనెసంచిలో వేసి, రంపపు పొట్టు కప్పి, సైకిలు మీద తెచ్చాడు. బావి గట్టు మీద పెట్టి గునపంతో పగలగొట్టాడు. తడికె అవతల నుంచి మా అత్తమ్మ “ఎవురే అది?” అని అడిగింది. పోలయ్య అని చెప్పాను. మొదటి గ్లాసు అతనికే పోశాను. తాగి కళ్లు మూసుకున్నాడు.

“ఏంది చిన్నమ్మా ఇది? కారం, సల్లదనం రెండూ గొంతులో కొట్లాడుకుంటుండాయి.”

అప్పుడే వాగు వైపు నుంచి కేకలు వినిపించాయి. పోలయ్య గోడెక్కి చూశాడు. “కట్ట కాడ జనం చిన్నమ్మా. మా పాళెపోళ్లే.”

“నువ్వు పోబాక” అన్నాను.

“పోను. పోతే మాయమ్మ సంపేస్తాది” అని నవ్వి దిగాడు. మిగిలిన ఐసును మళ్లీ సంచిలో కట్టి, పొట్టు కప్పి, గొడ్ల చావిట్లో నీడకు చేర్చి, గ్లాసు కడిగి బోర్లించి పోయాడు. అప్పటికి కేకలు ఆగిపోయి చాలాసేపయింది.

మధ్యాహ్నం మా ఆయన వచ్చారు. పంచె నిండా నెత్తురు. ఆయనది కాదు. ఉప్పునీళ్లు మా చేలలోకి రాకుండా ఈ ఏడాది రైతులంతా వాగుకు అడ్డంగా వేసిన కట్టను చేపలు పట్టే పాళెం వాళ్లు తెంచేశారట. వాళ్ల పడవలు సముద్రంలోకి పోవడానికి వేరే దారి లేదు మరి. కొట్లాటలో మా కాపలాదారు నరసయ్య తలకాయ తెడ్డుతో పగలగొట్టారు. మా ఆయన ఒళ్లోనే ప్రాణం పోయిందట.

ఆయన నిలబడే రెండు గ్లాసుల టీ తాగారు. ఎలా ఉందో చెప్పలేదు.

మే 9

నరసయ్య పెళ్లాం ఏడుపు మా వంటింట్లోకి వినిపిస్తోంది. తాలింపు మాడింది.

మే 10, బుధవారం

పోలీసులు వచ్చారు. వాళ్లకు మా ఇల్లే విడిది. మునసబు ఇల్లు కాక ఇంకెవరి ఇల్లు? ఎద్దులను తోటకు తోలించి చావిడి కూడా వాళ్లకే ఇచ్చారు. ఇనస్పెక్టరు వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సన్నగా, శుభ్రంగా ఉన్నాడు. జేబులో ఏలకులు పెట్టుకుని నములుతుంటాడు.

మా ఆయన లోపలికి వచ్చి, “మొన్న చేసినావే సల్ల టీ, అది చెయ్” అన్నారు. చేశాను. యెహోషువ అనే కానిస్టేబులు పళ్లెంలో పెట్టుకుని తీసుకుపోయాడు. ఇనస్పెక్టరు మాట లోపలికి వినిపించింది. “మునసబు గారూ, ఇట్టాంటిది నెల్లూరు హోటళ్లలో కూడా దొరకదండీ.”

మా ఆయన మొహం వెలిగిపోయింది. పెళ్లయినప్పటి నుంచి నేను చేసిన దేనికీ ఆ మొహం అలా వెలగలేదు.

సాయంత్రం ఆయన చెప్పిన పేర్లు వాళ్లు రాసుకున్నారు. అందులో చిన్నపోలయ్య పేరు ఉంది. ఆయన అన్నానికి లోపలికి వచ్చినప్పుడు చెప్పాను.

“పోలయ్య ఆ పొద్దు ఇక్కడే ఉన్నాడు. ఐసు తెచ్చినాడు. కొట్లాటయ్యేదాకా మన బావి కాడే ఉన్నాడు.”

ఆయన ముద్ద కలపడం ఆపారు. “ఎవురికన్నా చెప్పినావా?”

“లేదు.”

“చెప్పబాక. మునసబు ఇంట్లో లేని యాళ, మునసబు పెళ్లాం పెరట్లో పాళెపోడికి టీలు పోస్తా ఉండిందని ఊరంతా అనుకోవాల్నా?”

“అత్తమ్మ కూడా ఉన్నింది గదా.”

“వాడు ఆ పొద్దు యాడుంటే ఏంది? పంచాయతీలో అందరి ముందరా నా మొహాన కట్ట తెంచుతామన్నది వాడే. అయినా నేను చూసుకుంటాలే. నువ్వు ఊరకుండు.”

చూసుకుంటానన్నారు. ఆయన మాట అంటే అన్నట్టే.

మే 12

పొద్దున పాళెం మీద పడ్డారు. మగవాళ్లంతా అంతకుముందే పడవలేసుకుని పారిపోయారు. ఉన్నది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. ముసలివాళ్లలో ఇద్దరిని మా చావిట్లోకి ఈడ్చుకొచ్చారు. వలలు కుప్పపోసి కాల్చారు. ఆ పొగ మా పెరట్లోకి వచ్చింది. ఆరేసిన చీరలన్నీ కమురు వాసన.

ముసలమ్మ వచ్చింది. పై పెదవి చీలిపోయింది. జుట్టు పట్టి ఈడ్చినట్టున్నారు, నెత్తిన ఒకచోట చర్మం కనిపిస్తోంది. దొడ్డి వాకిలి పట్టుకుని నిలబడింది.

“చిన్నమ్మా, ఆ పొద్దు మావోడు నీకాడే గదా ఉండింది?”

“అవును.”

“ఆ మాట ఒక్కటి అయ్యగారికి చెప్పు తల్లీ. నువ్వు చెప్తే ఇంటారు.”

“చెప్పాను ముసలమ్మా. ఆయన చూసుకుంటానన్నారు.”

అత్తమ్మ వచ్చి నా భుజం పక్కకు తోసి తలుపు వేసేసింది. అవతల ముసలమ్మ చాలాసేపు అక్కడే ఉంది. నీడ తలుపు కింద నుంచి కనిపిస్తూనే ఉంది.

మే 13

ఇనస్పెక్టరుకు మిరియాలు ఇంకొంచెం ఎక్కువ కావాలట. మిరియాలు పెంచితే శొంఠి తగ్గించాలి, లేకపోతే గొంతు పట్టేస్తుంది. సుగంధి వేళ్లు నానబెట్టి ఆ నీళ్లు కలిపి చూశాను. రంగు బాగా వచ్చింది. వాసన కూడా. ఐసు ఇప్పుడు పోలీసు జీపులోనే వస్తోంది, కాబట్టి ఆ ఇబ్బంది లేదు. ఐసు మరీ చిన్న ముక్కలు చేయకూడదు, త్వరగా కరిగి టీ పలచబడుతుంది. కోడిగుడ్డంత ముక్కలు చాలు. గ్లాసు ముందే చల్లటి నీళ్లలో ముంచి పెట్టుకుంటే మంచిది. చావిట్లో ఎద్దు అరిచింది. కూజాకు తడిగుడ్డ చుట్టి గాలి తగిలేచోట పెట్టాలి.

మే 14

ఎద్దులను బుధవారమే తోటకు తోలించారు. నిన్న ఎద్దు అని ఎందుకు రాశానో.

మే 15, సోమవారం

చిన్నపోలయ్య సూళ్లూరుపేటలో వాళ్ల అక్క ఇంట్లో దొరికాడట. తెల్లవారేసరికి తెచ్చేశారు. జీపులో నుంచి కిందికి తోశారు. చేతులు వెనక్కి కట్టి ఉన్నాయి, మొహం నేలకు కొట్టుకుంది. కిటికీలోంచి చూశాను.

మా ఆయనను అడిగాను. “చెప్పినారా?”

“సందు చూసి చెప్తాలేవే. విచారించి వదిలేస్తారు.”

ఈరోజు ఐసు రెండు గడ్డలు వచ్చాయి. ఒకటి వంటింట్లోకి. ఒకటి నిలువుగడ్డ, మనిషి పడుకునేంత పొడవు ఉంది. దాన్ని చావిట్లోకి మోసుకుపోయారు.

యెహోషువ వచ్చి మిరపపొడి అడిగాడు. ఇచ్చాను. కూరలోకి అనుకున్నాను.

వాళ్లకు కూర వండుతున్నది నేనే.

మే 16

అతన్ని ఈరోజు వదిలేస్తారు. ఆయన చెప్పే ఉంటారు.

అదే రోజు, సాయంత్రం

టీ నేనే తీసుకుపోయాను. యెహోషువ రాలేదు. పిలిచినా పలకలేదు. వసారాలో కుర్చీ ఖాళీగా ఉంది. “ఇక్కడికే తెండమ్మా” అని ఇనస్పెక్టరు గొంతు చావిట్లోంచి వినిపించింది. వెళ్లాను.

పోలయ్యను ఐసుగడ్డ మీద కూర్చోబెట్టారు. ఒంటి మీద నూలుపోగు లేదు. చేతులు రెండూ ఎద్దులను కట్టే గుంజలకు చాచి కట్టారు. కాళ్ల మీద లాఠీ అడ్డంగా పెట్టి దాని మీద ఇద్దరు నిలబడ్డారు. తొడలు నల్లగా కమిలిపోయాయి. కళ్లలో మిరపపొడి. ఒక కన్ను మూతపడిపోయింది. రెండో కంటితో నన్ను చూశాడు.

నన్ను చూసి పిలిచాడు. ఏమని పిలిచాడో రాయను.

“సార్, ఆ అబ్బాయి ఆ పొద్దు...” అన్నాను.

వెనక నుంచి మా ఆయన వచ్చి నా జబ్బ పట్టుకున్నారు. “ఆమెకు నెత్తురు చూస్తే కళ్లు తిరుగుతాయి సార్” అన్నారు. ఇనస్పెక్టరు నవ్వుతూ నా చేతిలోంచి గ్లాసు తీసుకున్నాడు. వేళ్లకు తడి ఉంది. ఆ చేత్తోనే తాగాడు. తాగి, “మిరియాలు ఈరోజు సరిగ్గా పడ్డాయమ్మా” అన్నాడు.

ఇంట్లోకి వచ్చేశాను. వెనక పోలయ్య మళ్లీ పిలిచాడు. వచ్చేశాను.

మే 17

పోయాడు.

పారిపోతూ మా తోట బావిలో దూకాడట. పోలీసులు అలాగే రాశారు. మా ఆయన సంతకం పెట్టారు. నిలబడే శక్తి లేనివాడు తోటదాకా ఎలా పరుగెత్తాడు? అడిగితే ఆయన చెప్పులేసుకుని బయటికి పోయారు.

పొద్దున చాప చుట్టి బండి మీద వేశారు. ఒక చెయ్యి బయటికి వేలాడింది. మణికట్టు దగ్గర తాడు కోసుకుపోయి ఎముక తెల్లగా కనిపించింది. బండి పాళెం వైపు కాదు, టౌను వైపు పోయింది. ముసలమ్మ వెనకాల పరుగెత్తింది. ఒక కానిస్టేబులు ఆమె కడుపులో తన్నాడు. పడింది, లేచింది, మళ్లీ పరుగెత్తింది.

చావిట్లో ఐసు కరిగి గడప కింద నుంచి పెరట్లోకి పారుతోంది. ఎర్రగా పారుతోంది. అత్తమ్మ పసుపునీళ్లు చల్లింది. నేను బావిలో తోడి తోడి కడిగాను.

మే 18

పోలీసులు వెళ్లిపోయారు. పోతూ ఇనస్పెక్టరు మా ఆయన భుజం తట్టాడు.

నేను గట్టిగా అరిచి ఉంటే ఊళ్లో వాళ్లు వచ్చేవాళ్లా? రారు. ఎవరు వస్తారు?

వచ్చేవాళ్లేమో.

మే 20, శనివారం

పాళెం వాళ్లు నెల్లూరు పోయి కలెక్టరాఫీసు ముందు కూర్చున్నారట. సోమవారం మేజిస్ట్రేటు వచ్చి విచారణ చేస్తాడని కబురు వచ్చింది. మా ఆయన వంటింట్లోకి వచ్చి పీట మీద కూర్చున్నారు. గొంతు మెత్తగా ఉంది.

“నిన్ను గూడా అడగొచ్చు. ఆ పొద్దు నీకు తలనొప్పి, ఇంట్లో పడుకోనుండావు. చావిట్లోకి యానాడూ పోలా. అంతే.”

“పోలయ్య నా కాడే ఉన్నాడు. అదే చెప్తాను. చావిట్లో చూసింది కూడా చెప్తాను.”

ఆయన లేచారు. ముందు చెంప మీద కొట్టారు. తర్వాత ఎద్దులను తోలే ములుగర్ర తెచ్చారు. వీపు మీద, చేతుల మీద, కింద పడ్డాక కాళ్ల మీద కొట్టారు. “నా ఉద్యోగం తీస్తావా? నన్ను జైలుకు పంపిస్తావా? వాడు నీకు ఏమవుతాడే?” అని ప్రతి దెబ్బకూ అడిగారు. కర్ర చివర ములుకు మోచేతిలో దిగింది. దాన్ని లాగి మళ్లీ కొట్టారు.

నేను ఏడవలేదు. గుంజలకు కట్టినవాడితో పోల్చుకుంటే ఇదెంత అనుకున్నాను. ఆ మాట అనుకున్నందుకు నన్ను చూస్తే నాకే అసహ్యం వేసింది.

వడ్ల గదిలో వేసి తాళం పెట్టారు. ఇది ఇక్కడే కూర్చుని రాస్తున్నాను. గూట్లోంచి వెలుతురు వస్తోంది.

మే 21

అత్తమ్మ అన్నం తెచ్చింది. మోచేతికి పసుపు అద్దింది. పోకుండా గడపలో కూర్చుంది.

“చిన్నప్పుడు వాడికి చద్దన్నం నేనే పెట్టేదాన్ని. వాళ్లమ్మ చేపల గంప దించి, వాణ్ణి నా కాడ వొదిలి ఊళ్లోకి పోయేది.”

ఎడమ చేత్తో ముద్ద తీసుకున్నాను.

“ఆ పొద్దు వాడు బావి కాడ ఉండింది నేనూ ఇన్నా. ఆ అరుపులు నా చెవుల్లోంచి పోలేదే.” పళ్లెం నా దగ్గరికి జరిపింది. “నేను కన్నతల్లిని. నా కొడుకు మింద నేను చెప్పలేను.”

పోతూ తలుపు వేసింది. తాళం వేసిన చప్పుడు రాలేదు.

మే 22, సోమవారం

బడిలో విచారణ. నేను వెళ్లేసరికి ఊరంతా బయట ఉంది. పాళెం వాళ్లు ఒక వైపు, మా వాళ్లు ఒక వైపు. కొంగు కప్పుకోకుండా వెళ్లాను. చేతుల మీద వాతలు అందరూ చూశారు.

మేజిస్ట్రేటు నెరిసిన తలతో, విసుగు మొహంతో ఉన్నాడు. మా ఆయన అప్పుడే తన మాట చెప్పి కూర్చున్నారు. నన్ను చూసి లేచారు. “ఆమెకు ఒంట్లో బాగలేదు సార్, మతి...”

“మీరు కూర్చోండి” అన్నాడు మేజిస్ట్రేటు. “చెప్పమ్మా. ఎవరు నువ్వు?”

“మునసబు చెంచురామయ్య గారి భార్యను. నా పేరు చెంచులక్ష్మి.”

“ఏం చెప్పాలనుకుంటున్నావు?”

“కట్ట కాడ కొట్లాట జరిగినప్పుడు చిన్నపోలయ్య మా బావి దగ్గర ఐసు పగలగొడుతున్నాడు. టీ తాగాడు. కొట్లాట ఆగిపోయిన తర్వాతే పోయాడు. నరసయ్యను చంపింది అతను కాదు.”

బయట పాళెం ఆడవాళ్ల వైపు నుంచి ఒక్కసారిగా ఏడుపు లేచింది. మేజిస్ట్రేటు బల్ల చరిచాడు. తర్వాత చావిడి సంగతి చెప్పాను. గుంజలు, ఐసుగడ్డ, మిరపపొడి అన్నీ చెప్పాను. మిరపపొడి ఇచ్చింది నేనేనని కూడా చెప్పాను.

ఇనస్పెక్టరు నవ్వాడు. “గడ్డ టీకే తెప్పించాం సార్. ఈమె చేతి టీ చాలా బాగుంటుంది.”

“మనిషంత గడ్డ టీకెందుకయ్యా?” అన్నాడు మేజిస్ట్రేటు.

యెహోషువను పిలిచి అడిగారు. అతను నేల చూపులు చూస్తూ, “నాకు తెలవదు సార్” అన్నాడు.

మేజిస్ట్రేటు నా మాటలన్నీ రాయించి, చదివి వినిపించి, సంతకం పెట్టమన్నాడు. కుడిచెయ్యి వాచి ఉంది. ఎడమ చేత్తో పట్టుకుని పెట్టాను.

మెట్లు దిగగానే మా ఆయన అందరి ముందూ నా జుట్టు పట్టుకుని వంచి, మోకాలితో మొహం మీద పొడిచారు. ముక్కులోంచి నెత్తురు బొటబొటా కారింది. మేజిస్ట్రేటు డవాలి బంట్రోతు, పాళెం వాళ్లు ఇద్దరు కలిసి ఆయనను లాగేశారు. ముసలమ్మ అక్కడే ఉంది. నన్ను చూసింది. దగ్గరికి రాలేదు.

జూన్ 4, నాయుడుపేట

నాన్న ఇంట్లో ఉన్నాను. మా ఆయన మునసబు పని ఊడిపోయిందట. ఇనస్పెక్టరు మీద, ఇద్దరు కానిస్టేబుళ్ల మీద కేసు పెట్టారట. నెల్లూరు కోర్టుకు నన్ను పిలుస్తారట.

పాళెంలో పడవలు మళ్లీ కదులుతున్నాయట. కట్ట గండిని పూడ్చడానికి కూలీలు ఎవరూ రాలేదట.

జూన్ 19

ముక్కు వంకర పోలేదు. వైద్యుడు పోదన్నాడు.

జూలై 11, నెల్లూరు

కోర్టు వరండాలో బల్ల మీద కూర్చున్నాను. నాన్న ప్లీడరు కోసం వెళ్లారు. ముసలమ్మ వచ్చి నా పక్కనే కూర్చుంది. బాగా చిక్కిపోయింది.

“ముందే ఎందుకు చెప్పలా?” అంది.

ఆయన చూసుకుంటానన్నారని ఆమెకు ఒకసారి చెప్పాను. మళ్లీ ఎలా చెప్పను?

“ఆఖర్న వాణ్ణి చూసింది నువ్వే గదా. నాకు చూపించలా. కాల్చేసి బూడిద ఇచ్చినారు.” కొంగు నోట్లో కుక్కుకుని ఆగింది. “వాడు ఏమన్నాడు? అరుపులు ఊళ్లోకి ఇనపడ్డాయంటారు. అమ్మా అమ్మా అని అరిచినాడంట గదా?”

అవునంటే సరిపోయేది. ఆమె అడుగుతున్నది అదొక్కటే. ఊరంతా విన్నదీ అదే. దూరం నుంచి వినేవాళ్లకు మాటలో చివరి సగమే వినిపించింది.

“అమ్మా అనలేదు ముసలమ్మా. చిన్నమ్మా అన్నాడు. నన్ను పిలిచాడు. రెండుసార్లు పిలిచాడు. నేను ఇంట్లోకి వెళ్లిపోయాను.”

ముసలమ్మ కొట్టింది. అరచేత్తో, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. విరిగిన ముక్కులోంచి నొప్పి నడినెత్తికి పాకింది. వరండాలో జనం తిరిగి చూశారు. ఒక జవాను లాఠీ పట్టుకుని పరుగెత్తి వచ్చాడు.

“ఇది మా ఇద్దరి సంగతి. నువ్వు పో” అన్నాను.

ఆమె లేచి పోలేదు. మళ్లీ బల్ల మీద కూర్చుని, కొట్టిన చేతిని రెండో చేత్తో పట్టుకుంది. బంట్రోతు నా పేరు పిలిచేదాకా అలాగే కూర్చుంది.

పిలవగానే లేచి లోపలికి వెళ్లాను. మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ప్లీడరు అడగకపోయినా, చిన్నమ్మా అని పిలిచిన సంగతి కూడా చెప్పాను.